ఇరవై మూడో నోటుపుస్తకం

చియాయీ
నాలుగో తేదీ, మంగళవారం

నా చిట్టి అయున్,

పొద్దున్నించీ నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదే. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాం అక్కా" అని పెట్టేస్తావు, నేనూ నమ్మేస్తాను. అందుకే ఉత్తరం.

నా పరిశోధన సంగతి నీకు తెలుసుగా. తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్ళు ఆసుపత్రి నుంచి ఇల్లు చేరాక మొదటి మూడు నెలలు ఎలా గడుస్తాయో తెలుసుకోవాలని, నాలుగు ఆసుపత్రుల నర్సుల చేత ఇంటివాళ్ళకి నోటుపుస్తకాలు ఇప్పించాను. రోజూ తోచింది రాయమన్నాం. పేర్లుండవు, అంకెలే. ఎవరిది ఏదో ఆరా తీయనని సంతకం కూడా పెట్టినదాన్ని.

ఇవాళ ఇరవై మూడో పుస్తకం తెరిచాను. కాగితాలు తడిసి ఉబ్బిపోయి ఉన్నాయి. టీ ఒలికిందేమో అనుకున్నాను. ముత్యాల్లాంటి నీ అక్షరాలు నాకు తెలియవా? ఇవి వంకరటింకరగా, ఒక లైను మీదికి ఇంకో లైను ఎక్కి ఉన్నాయి. ఎవరో ఒక భార్య రాసింది. స్కూటర్ మీంచి పడ్డ మొగుడు. నడుస్తాడు, తింటాడు, గుండీలు తనే పెట్టుకుంటాడు. ఇంటికి పంపేటప్పుడు, తన పనులు తనే చేసుకోగలడని నూటికి నూరు మార్కులు వేశారట. కానీ ఇంటికొచ్చిన మనిషి ఆయన కాదట. పక్కింటి ముసలాయన అంత్యక్రియల్లో పకపకా నవ్వాడట. పులుసులో ఉప్పు తగ్గిందని గిన్నె విసిరికొట్టి, అయిదు నిమిషాలకే "ఈ గిన్నె ఎవరే పగలగొట్టింది?" అని ఆవిడనే తిట్టాడట.

తర్వాతి పేజీలో ఇలా ఉంది: "ప్రతి ఆదివారం మా అక్క జామపళ్ళు పట్టుకొస్తుంది. 'గట్టిగా నిలబడు' అని భుజం తట్టి, పది నిమిషాల్లో వెళ్ళిపోతుంది. నేనేమైనా చెప్పేలోపు చెప్పులేసుకుంటుంది."

నాకు ఒళ్ళు మండింది. గదిలో నాతో పనిచేసే పెయ్‌యూకి పైకి చదివి వినిపించాను. "ఎవరే ఈ మహాతల్లి? గుండెనా, బండరాయా?" అన్నాను. పెయ్‌యూ "జామపళ్ళ మహారాణి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం, అయున్. నవ్వుకున్నాం.

పేజీ తిప్పాను. "గింజలు నా పళ్ళలో ఇరుక్కుంటాయని నా ఆరో ఏటి నుంచీ అక్కే చెంచాతో తోడేసి పెడుతుంది. ఇప్పటికీ అంతే, నీలం డబ్బాలో సర్ది తెస్తుంది. ఇంత ప్రేమున్న మనిషికి కూడా చెప్పుకోలేకపోవడం నా ఖర్మ."

ఆ నీలం డబ్బా నా బల్ల మీదే ఉందే తల్లీ.

పెయ్‌యూ ఇంకా నవ్వుతూనే ఉంది. మింగ్‌హోంగ్ మరిదిని ఇంటికి పంపేరోజు, ఇంటికొచ్చి చూసే నర్సు కావాలా అని ఆసుపత్రివాళ్ళు అడిగారు. "మా చెల్లి గట్టిది, పైగా ఇంట్లో నర్సుని నేనున్నాగా" అని అక్కర్లేదన్న గడిలో టిక్కు పెట్టించింది నేనే. పాతికేళ్ళ అనుభవం అంతా ఆ ఒక్క టిక్కులో ఏడ్చింది.

చివరి పేజీలో రాశావు కదా, పదో తేదీన ఆయన్ని వాళ్ళ అన్నగారింట్లో దించేసి తాయ్‌తుంగ్ రైలెక్కుతానని, ఎవరికీ చెప్పనని. వెళ్ళొద్దనను. అనే హక్కు పోగొట్టుకున్నాను. నాకు చెప్పకుండా మాత్రం వెళ్ళకే.

సిగ్గుతో చచ్చిపోతున్న
మీ అక్క


తౌల్యూ
ఆరో తేదీ

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మహారాణి దగ్గర నాకూ నవ్వొచ్చింది.

నాకు తెలియకుండా దొరికిపోయాననుకున్నావా? నర్సు ఇచ్చిన కాగితం అడుగున నీ పేరు అచ్చేసి ఉంది. మొదటి పేజీ నుంచీ నీకే రాశాను. ఎదురుగా చెబితే మధ్యలోనే "గట్టిగా నిలబడు" అనేస్తావు. పరాయివాళ్ళ పుస్తకమైతే అడ్డు తగలకుండా చివరిదాకా చదువుతావు. నీతో మాట్లాడాలంటే నేను నీకు పరాయిదాన్ని కావాల్సొచ్చింది.

రైలు టిక్కెట్టు మాత్రం నిజం. సోమవారం పొద్దున్నదే. చించలేదు.

ఒక్కటి అడుగుతాను. ఆదివారం రా. జామపళ్ళు తేకు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆయనా నువ్వూ మాత్రమే ఉండండి. నేనెక్కడికి వెళ్తానో అడక్కు. తిరిగొస్తానో లేదో నాకే తెలియదు.

అయున్


తౌల్యూ, మీ ఇల్లు
ఆదివారం, సాయంత్రం ఆరున్నర

అయున్,

నువ్వింకా రాలేదు.

"అయున్ ఏదీ?" అని మరిది ఎన్నిసార్లు అడిగాడో నలభై దాకా లెక్కపెట్టి మానేశాను. అన్నం గిన్నె గోడకి తగిలింది. "నువ్వెవరు, నా వంటింట్లో ఏం పని?" అన్నాడు. వెంటనే పక్కన కూర్చుని నా భుజమ్మీద తలపెట్టి ఏడ్చాడు. ఎందుకని అడిగితే "ఎవరు ఏడ్చారు?" అన్నాడు. వార్డులో ఇలాంటివాళ్ళని వందమందిని చూశాను. కానీ అక్కడ ఎనిమిది గంటలు కాగానే నేను ఇంటికి పోతాను కదే!

మూడింటికి నా వల్ల కాలేదు. స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాను. బకెట్టు బోర్లించి కూర్చుంటే, కుళాయి పక్కన మేకుకి దారంతో వేలాడుతున్న పెన్ను కనపడింది.

నీ పుస్తకాన్ని తడిపింది టీ కాదు. మూడు నెలలు ఇక్కడ కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాశావు. "కాగితాలపై టీ మరకలు" అని నా రికార్డులో రాసుకున్న చేతిని ఏం చేయాలి?

ఇప్పుడూ ఆ బకెట్టు మీదే ఉన్నాను, ఆ పెన్నుతోనే రాస్తున్నాను. పది రోజులకి సెలవు అడిగేశాను. నా బట్టలసంచి మీ మంచం కింద ఉంది.

వీధి తలుపు చప్పుడైంది. మరిది అరుస్తున్నాడు: "అయున్ వచ్చేసింది! నువ్విక పో!"

నేను పోను. రైలు రేపు పొద్దున్న కదా, నువ్వెళ్ళు.

నీ అక్క