ఆ ‘ఎక్కువమంది’లో మీ నాన్న లేరు

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

మేం ముప్పాతిక వంతు క్షేమం. మిగతాది రాయడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. మీ నాన్న ఐసీయూ నుంచి వార్డుకొచ్చారు. లేచి కూర్చుంటున్నారా అని అడిగావు. దిండుకానుకుని కూర్చుని, పక్క మంచం ఆయన పేపరు లాక్కుని మరీ చదువుతున్నారు.

ఇక నీ రెండో ప్రశ్న. "మా ల్యాబు పరీక్షల మీద నీకెందుకమ్మా అంత కోపం?" పరీక్షల మీద కాదే పిచ్చిదానా, వాటిని వాడే తీరు మీద. మీ నాన్నకొచ్చినట్టు క్లోమం వాచి మనిషి ప్రాణం మీదికొస్తే, రక్తంలో లాక్టేట్, యూరియా చూసి ఎవరు దక్కుతారో ముందే అంచనా కట్టవచ్చని నువ్వే రాశావు. మంచిదే. కానీ మూడు ఊపిరి యంత్రాలు, ఆరుగురు రోగులూ ఉన్నచోట అంచనా కాస్తా తీర్పయి కూర్చుంటుంది. యంత్రాలు కొనని ప్రభుత్వాన్ని ఎవరూ నిలదీయరు, రోగి రక్తాన్ని నిలదీస్తారు.

ఆ రోజు ఐసీయూ డాక్టరు రిపోర్టు చూసి, "ఇలాంటి అంకెలు వచ్చినవాళ్లలో ఎక్కువమంది దక్కరమ్మా" అన్నాడు.

"ఎక్కువమంది నా మొగుడు కాదు!" అన్నాను. వరండా అంతా వినబడింది.

మీ అత్త నా చెయ్యి పట్టి లాగింది. "జాతకాలు తగలబెట్టమని ఊరూరా ఉపన్యాసాలిచ్చావు కదా వదినా, ఇప్పుడు రక్తంలో జాతకం చూసి ఈ వణుకేంటి?" అంది. అంత కష్టంలోనూ నవ్వొచ్చింది.

నిజానికి ఆ డాక్టరు యంత్రం ఇవ్వనని అనలేదు. "ఊపిరి యంత్రం పెట్టాల్సొస్తుంది. ముందుగా ఆయన మీతో ఏమైనా అన్నారా?" అని అడిగాడు, అంతే. "ఎలాగైనా బతికించమన్నారు" అన్నాను.

నీకు ఇన్నాళ్లూ రాయనిది ఇదే బుజ్జీ. మీ నాన్న అలా అనలేదు. స్పృహ తప్పకముందు నా వేళ్లు పట్టుకుని, "యంత్రానికి కట్టేయనివ్వకు. నా వల్ల కాదు" అన్నారు.

యంత్రం పెట్టారు, బతికారు. గొంతు పెగలగానే మొదట అడిగింది, "నా మాట చెప్పలేదా?" అనే. "చెప్పాను, వాళ్లే వినలేదు" అన్నాను. మంచం చివర నిలబడ్డ ఆ డాక్టరు విన్నాడు. నా మొహంలోకి ఒకసారి చూసి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

నిన్న మళ్లీ జ్వరం తగిలింది. లోపల చీము పడుతోందేమో రక్తం చూస్తే గాని తెలియదట. మీ నాన్న ఇవ్వనన్నారు. "నా మాట వినని వాళ్లకి నా చెయ్యెందుకివ్వాలి?" అని దుప్పట్లో దాచుకున్నారు. నేను తిట్టిపోసిన పరీక్షే ఇప్పుడు కావాలి. దానికి అడ్డం నా అబద్ధం.

ఈ పొద్దున నర్సు సూది పట్టుకుని నిలబడి ఉండగానే ఆయనతో చెప్పేశాను. "వాళ్లు వినకపోవడం కాదండీ. నేనే చెప్పలేదు. మీరు పోతారని భయమేసింది."

ఆయన "లోకంలో అందరి నోళ్లూ నొక్కేస్తున్నారని అరుస్తావు కదే! నా నోరు నువ్వే నొక్కావు" అన్నారు.

తర్వాత దుప్పట్లోంచి చెయ్యి తీసి చాపారు. నా వైపు కాదు, నర్సు వైపు.

ఇట్లు,
రిపోర్టు కోసం వార్డు బయట కూర్చున్న
మీ అమ్మ