రెండో కమలాపండు

లోవర్ హట్

ప్రియమైన శ్రీవారికి,

మీ చెవులకు ఫోనులో నా మాట అందదు కాబట్టి ఈ ఉత్తరం. టౌరంగాలో మీరొక్కరే చదవండి. మన అమ్మాయి సిరికి చూపించకండి.

శనివారం రైలెక్కి వెల్లింగ్టన్ వెళ్లాను. హేనింగ్ స్ట్రీట్ ఒకప్పుడు చైనావాళ్ల పేటట, చూడాలనిపించింది. ఆ దగ్గర్లోనే ఒక పాత హాలు తలుపు తీసి ఉంది. లోపల అగరొత్తులు, పళ్లేల్లో పళ్లు. ప్రసాదమనుకుని ఒక కమలాపండు కళ్లకద్దుకుని తినేశాను. తలెత్తి చూస్తే అక్కడున్నది దేవుడు కాదు, పోయినవాళ్ల ఫోటోలు. ఒక ముసలావిడ అరుస్తూ నా వైపు వచ్చింది. వెనక్కి చూడకుండా పరుగెత్తాను.

అది పితరులకు పెట్టిందండీ. అది తిని, కడుపుతో ఉన్న కోడలి ఇంట్లో అడుగుపెట్టాను. ఇవాళ స్పందనకు రక్తం కనబడింది. ఆస్పత్రిలో ఉంచారు. నాకు చాలా భయంగా ఉంది.

మీ వేదవతి

టౌరంగా

ప్రియమైన వేదకు,

మా తాతగారి తద్దినం నాడు భోక్తలు కూర్చోకముందే నేను గారె ఎత్తుకు తిన్నాను. వీపు వాచింది తప్ప ఇంకేమీ కాలేదు.

నాకూ భయంగానే ఉంది, పండు గురించి మాత్రం కాదు. ఆస్పత్రిలో స్పందన గదిలోకి నువ్వు అడుగే పెట్టడం లేదని మన అబ్బాయి వంశీ మెసేజ్ పెట్టాడు. అత్తయ్యకు నా మీద కోపమా అని ఆ పిల్ల ఏడుస్తోందట. ముందు ఆ ముసలావిడ దగ్గరికి వెళ్లి సారీ చెప్పు. తర్వాత కోడలి పక్కన కూర్చో.

నీ లక్ష్మణరావు

లోవర్ హట్

ప్రియమైన శ్రీవారికి,

మీరన్నట్టే మళ్లీ ఆ హాలుకి వెళ్లాను. ఆవిడ పేరు మేరీ వాంగ్. ఎనభై దాటాయి, హేనింగ్ స్ట్రీట్‌లోనే పుట్టిందట. నేను నోరు తెరిచేలోపే ఒక కమలాపండు తెచ్చి చేతిలో పెట్టింది. పెద్దలకు చూపించాక మనుషులే తినాలట. అయితే ఒక్కటి ఇవ్వకూడదట, జతగా ఇవ్వాలట. ఆ రోజు రెండోది పట్టుకునే నా వెనక వచ్చిందట.

"నా చిన్నప్పుడు ఊళ్లో తల్లులు మా వీధి పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టేవాళ్లు. ఆ పిల్లలు ఇటొస్తే ఆగకుండా పరుగెత్తేవాళ్లు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. నువ్వూ అలాగే పరుగెత్తావు," అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. నాకు సిగ్గేసింది.

అక్కణ్ణించి నేరుగా ఆస్పత్రికి వెళ్లి స్పందనకు అంతా చెప్పాను. రక్తం ఆగింది, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. ఇంకా కొన్నాళ్లు పడుకోమన్నారు. ఆవిడిచ్చిన పండు ఒలిచి ఒక తొన చేతికిస్తే నా మొహంలోకి చూసింది.

"ఏం కాదు కదా అత్తయ్యా?"

ఇంకో తొన తీసుకున్నాను. ఏం కాదని చెప్పి, ముందు నేను తిన్నాను.

మీ వేద