పరహేజ్ తప్పిన అమ్మీ

మార్కాపురం

గఫార్ మామూకు సలాం.

ఆపరేషన్ అయిన మనిషికి వంకాయ పరహేజ్, తినకూడదు అని మన ఇళ్లలో అంటారు. మీ కూతురు తస్లీమ్ పెళ్లిలో అమ్మీ బగారా వంకాయ తిన్నది నిజమే. రొమ్ము క్యాన్సర్ మందు ఇక పనిచేయడం లేదని తెలియగానే మీరు అందరి ముందూ, "పరహేజ్ తప్పినావు, ఇంక మందేం చేస్తాది?" అన్నారు.

అప్పటి నుంచి అమ్మీ గంజి తప్ప ఏమీ ముట్టడం లేదు. మంగళవారం కొత్త మందు మొదలుపెట్టాలి. "నా నాలుక చేసిన పనికి డాక్టరేం చేస్తాడే?" అంటూ ఆసుపత్రికి రానంటోంది.

కాలేజీలో చదివింది చెప్పి చూశాను. కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే అతిచిన్న అణువులుంటాయి. ఏ జన్యువు ఎంత పనిచేయాలో అవి అదుపు చేస్తాయి. గడ్డలో ఆ అదుపు తప్పితే కణాలు మందును తట్టుకోగలవు. అమ్మీకి జరిగింది అదేనో కాదో డాక్టరుకూ తెలియదు. వంకాయ వల్ల మాత్రం కాదు.

"కంటికి కనపడని దాని మీదికి తప్పు తోస్తావేందే? మీ మామూ పెద్దోడు, ఊరికే అంటాడా?" అంది అమ్మీ.

ఇంట్లో కాలేజీ చదువు చదివింది నేనొక్కదాన్నే. అయినా ఆమె ప్రాణం మీ మాట మీద ఉంది. సోమవారంలోపు రండి. ఆమె తప్పేమీ లేదని చెప్పండి. మీరు నమ్మక్కర్లేదు. ఆమె నమ్మితే చాలు.

మీ చెల్లెలి కూతురు