గోడ మీది జిగురు మరక

ఏమండీ, కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తినండి. కుళాయి బాగుచేసే అతను నాలుగింటికి వస్తాడు, తలుపు తీయండి.

నేను చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. వీపు మీద ఉబ్బిన మచ్చకి, అదే ఆ కెలాయిడ్‌కి, ఇవాళ మూడో ఇంజెక్షన్. ఎప్పుడో సెగగడ్డ లేచిన చోటే. గాయం మానిన సంగతి తెలియక చర్మం ఇంకా పని చేస్తూనే ఉందట. ఎవరి చర్మం మరి! కోసేస్తే పోదా అని అడిగాను. ఉత్త కోతైతే ఇంకా పెద్దదై రావచ్చన్నారు.

పడగ్గది గోడకి ఆ జిగురు మరకేమిటని మొన్న విసుక్కున్నారు కదా. మచ్చ అణగడానికి డాక్టరిచ్చిన సిలికాన్ పట్టీ వేసుకోవడానికి వీపు మీదికి నా చెయ్యి అందదు. పట్టీ వెనక కాస్త జిగురు రాసి గోడకి నిలబెట్టి, నేనే వెళ్లి వీపు ఆనించుకుంటున్నాను.

మరక తుడిచేశాను.

మరిచాను, పట్టీల డబ్బా మీ కళ్లజోడు పక్కన పెట్టాను. రేపటి నుంచి గోడకి సెలవు.