వాగు ఒడ్డు తూనీగల కుటుంబం

వడ్రంగి మేస్త్రి గారికి,

అయ్యా, మాది సర్వే ఆఫీసు. మీ షెడ్డుకు ఎదురుగా, వాగు అవతలి ఒడ్డున రాతిగట్టు కట్టబోతున్నారు. ఆ పని మొదలైతే అక్కడ ఎన్నాళ్ళుగానో ఉంటున్న కుటుంబానికి చోటు పోతుంది. సామాన్యమైన కుటుంబమైతే గట్టుకు అడ్డు చెప్పం. అరుదైనదైతే పని ఆపించే వీలుంది. కాబట్టి ముందు వర్గీకరణ జరగాలి.

ఇవతలి ఒడ్డున ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్నవారు మీరు. ఆ కుటుంబం గురించి మీకు తెలిసింది రాసి పంపగలరు. చూసి గుర్తుపట్టడానికి వీలుగా రంగుల బొమ్మల కాగితం జతచేశాను.

భవదీయుడు,
సర్వే అధికారి

తా.క.: ఎండలో చూస్తే వివరంగా కనిపిస్తాయి.

* * *

సర్వే ఆఫీసరు గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. జతచేశానన్న కాగితం అందలేదు. ముద్ర సగమే పడింది, ఏ సర్వేనో తెలియలేదు. తెలిసి నేను చేసేదీ లేదు.

ఆ ఒడ్డున ఉన్నది ఒక్కటే కుటుంబం. దానితో నాకు ఎలాంటి సంబంధమూ లేదు. ఏడేళ్ళుగా అటువైపు తల తిప్పలేదు. సామాన్యమైనదా అరుదైనదా అని నన్నడిగితే, సామాన్యమైనదే అంటాను. గట్టు కట్టుకోండి. వాళ్ళను అక్కడినుంచి తీసేసినా నాకు అభ్యంతరం లేదు. ఇదే నా సంతకం, ఇదే నా మాట.

ఇట్లు,
వడ్రంగి మేస్త్రి

తా.క.: తల తిప్పలేదంటే తిప్పలేదనే. కాకపోతే ఎండ పడగానే నలుగురూ బయటికొస్తారు. మబ్బు పట్టిందంటే ఒక్కరూ కనిపించరు. చిన్నది మాత్రం చినుకుల్లో కూడా ఒక్కోసారి వస్తుంది. నా కిటికీ అటువైపు ఉంది. అది నా తప్పు కాదు.

* * *

ప్రియమైన మేస్త్రి గారికి,

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎండకీ మబ్బుకీ తేడా గమనించారంటే మీది మామూలు చూపు కాదు. ‘వాళ్ళు’ అని రాశారు చూడండి, అక్కడ నా మనసు కరిగింది. నేనూ లోపల అలాగే అనుకుంటాను. కాగితం మీద మాత్రం ‘అవి’ అనే రాయాలని మా పై అధికారి పట్టుదల.

మీ అభ్యంతర పత్రాన్ని, అంటే అభ్యంతరం లేని పత్రాన్ని, ఫైలులో పెట్టాను. ఇక ఈ ప్రశ్నలకు జవాబులు కావాలి. రెండు కళ్ళూ దగ్గరగా కలిసిపోయి ఉన్నాయా, ఎడంగా ఉన్నాయా? అంతా దీని మీదే ఆధారపడి ఉంది. విశ్రాంతి తీసుకునేటప్పుడు రెక్కలు చాపి ఉంచుతాయా, ముడుచుకుంటాయా? వెనకభాగం చివర ఉబ్బెత్తుగా ఉందా? తన చోటికి మరొక మగది వస్తే మగది తరిమేస్తుందా? పిల్లలు కింది దవడ ముందుకు చాచి పక్కవాటి నోటికాడిది లాక్కుంటాయా?

మీ అభిమాని,
సర్వే అధికారి

తా.క.: పిల్లలు వెనకవైపు నుంచి ఊపిరి పీలుస్తాయని చెబితే ఎవరూ నమ్మరు. మీరు నమ్ముతారనుకుంటాను.

* * *

ఆఫీసరు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. మీ కుశలం నాకు తెలియదు. నా కుశలం మీ ఉత్తరం వచ్చేదాకా బాగానే ఉంది.

ఎంత పెద్ద ఆఫీసైతే మాత్రం ఒకరిని పట్టుకుని ‘అవి’, ‘వాటి’ అని రాస్తారా? మా తమ్ముడితో నాకు మాటల్లేవు. నిజమే. అంతమాత్రాన వాడిని ఇంకొకరు ‘అది’ అంటే విని ఊరుకోలేను.

అడిగారు కాబట్టి చెబుతున్నాను. తమ్ముడి కళ్ళు ఎడంగానే ఉంటాయి. మా అమ్మ పోలిక. రెక్కల కష్టం మీదే బతికాడు, విశ్రాంతంటే ఏమిటో ఎరగడు. వెనకభాగం గురించి అడిగారు. తమ్ముడు సన్నటి మనిషి. మరదలి సంగతి నేను చూడను, మీరూ అడగకూడదు. పిల్లలు ఎవరి నోటికాడిదీ లాక్కునే రకం కారు. చిన్నదానికి మూడేళ్ళప్పుడు అనుకుంటాను, తన బిస్కట్టు విరిచి పెద్ద ముక్క నాకిచ్చింది. ఊపిరి ముక్కుతోనే పీలుస్తారు. మళ్ళీ అలాంటి మాట రాస్తే మీ పై అధికారికి రాస్తాను.

తరమడం గురించి అడిగారు. తరిమింది వాడు కాదు. నేను.

నా పాత ఉత్తరం వెనక్కి పంపండి. కోపంలో రాశాను.

ఇట్లు,
మేస్త్రి

తా.క.: ఈ మధ్య నలుగురూ ఎక్కువసేపు బయట ఉంటున్నారు. ఏవో సామాన్లు సర్దుతున్నట్టున్నారు. నేను చూడలేదు, కనిపించింది.

* * *

ప్రియాతిప్రియమైన మేస్త్రి గారికి,

కళ్ళు ఎడంగా ఉన్నాయి! ఆ ఒక్క మాటతో నివేదిక మారిపోయింది. నిలవనీటి కుటుంబం కాదన్నమాట. పారే నీటి కుటుంబం, ఇసుక అడుగున పిల్లల్ని పెంచే కుటుంబం. పై అధికారికి ఆ పూటే పంపాను.

మీరు దానికి ‘తమ్ముడు’ అని పేరు పెట్టుకున్నారని చదివి కళ్ళు చెమర్చాయి. మా ఆఫీసు కిటికీ మీద రోజూ వచ్చి వాలేదాన్ని నేను ‘హెడ్ గుమాస్తా’ అంటాను. వాలిన చోటినుంచి కదలదు. అయితే ఒక చిన్న మనవి. బిస్కట్లు పెట్టకండి. ఇవి దోమల్నే తింటాయి.

ఇక రుజువు కావాలి. ఒక మగదాన్ని మెల్లగా వల వేసి పట్టండి. రెక్కలు వెనక్కి కలిపి పట్టుకుంటే కరవడానికి వీలుండదు. కాగితంలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి పోస్టు చేయండి. ఆడది దొరికినా మంచిదే. అయితే కాలో రెక్కో పోయినది మాత్రం వద్దు. దెబ్బతిన్నది మాకు పనికిరాదు, పక్కన పారేయండి.

మీ మిత్రుడు,
సర్వే అధికారి

తా.క.: పాత ఉత్తరం ఫైలులోంచి తీయాలంటే ఒక దరఖాస్తు, ఆ దరఖాస్తు తీసుకోవడానికి ఇంకో దరఖాస్తు పెట్టాలి. రెండూ పెట్టాను.

* * *

అయ్యా,

మా తమ్ముడు అయిదడుగుల పది అంగుళాలు. అగ్గిపెట్టెలో పట్టడు. అక్కడ మీ గుమాస్తా ఇంకెవరి ఉత్తరంలోదో ఇందులో ఎక్కించినట్టున్నాడు. అది వదిలేస్తున్నాను.

దెబ్బతిన్నది పనికిరాదు, పారేయండి అని రాశారు. ఆ లైను దగ్గర ఆగిపోయాను. రెండు రోజులు ఉలి పట్టలేదు. ఎందుకంటే ఆ మాట మొదట అన్నది నేను.

అప్పట్లో మా ఇద్దరిదీ ఒకటే షెడ్డు. రంపం మిషను మీద ఇనప కప్పు ఉండేది, వేళ్ళు పళ్ళకు తగలకుండా. అది ఉంటే పని నెమ్మదిగా సాగుతోందని నేనే విప్పించాను. తమ్ముడు, “వద్దన్నాయ్, ఎవరి చెయ్యో పోతుంది” అన్నాడు. వాడిదే పోయింది. కుడిచేతి రెండు వేళ్ళు. కట్టు విప్పాక వాడు మళ్ళీ పనిలోకి వచ్చిన రోజున, పనివాళ్ళందరి ముందు, “చెయ్యి దెబ్బతిన్నవాడితో నాకేం పని? అజాగ్రత్తకి నేను కూలి ఇవ్వాలా?” అన్నాను. తప్పు నాదని ఎవరైనా అంటారేమోనని ముందే అరిచేశాను. వాడు చిత్రిక ఒక్కటి తీసుకుని వాగు దాటాడు.

మర్నాడే ఆ ఇనప కప్పు మళ్ళీ బిగించాను. ఇప్పటికీ ఉంది. ఏడేళ్ళలో ఎవరి గోరూ ఊడలేదు.

వాళ్ళను అక్కడినుంచి తీసేయకండి. మీ ఆఫీసు చుట్టూ తిరగమంటే తిరుగుతాను. వాడిది సామాన్యమైన కుటుంబం అని రాశాను చూడండి, అది అబద్ధం.

ఇట్లు,
అన్న

తా.క.: వల వేసి పట్టడానికి ఎవరినైనా పంపితే, వాగుకి ఇవతలే నా చేతిలో సుత్తి ఉంటుంది.

* * *

మేస్త్రి గారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. అయ్యా, మేం సర్వే చేసేది తూనీగల్ని. మా శాస్త్రంలో వాటిని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపునూ కుటుంబం అంటాం. మీ షెడ్డు ఎదురుగా నీటి మీద తిరిగేవి ఏ కుటుంబమో తెలుసుకోవాలని రాశాను. బొమ్మల కాగితం నా బల్ల సొరుగులోనే దొరికింది. మీ ముందు తలెత్తలేను.

నిన్న నేనే వచ్చాను. వల నా చేతిలోనే ఉంది. సుత్తి గుర్తొచ్చి మీవైపు రాకుండా అవతలి ఒడ్డునుంచి దిగాను. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఒకదాన్ని పట్టి చూశాను. మీ తమ్ముడి కళ్ళను బట్టి నేను నివేదిక రాసినా, తూనీగల కళ్ళు నిజంగానే ఎడంగా ఉన్నాయి. తోక చివర గదలా ఉబ్బి ఉంది. చాలా అరుదు. గట్టు పని ఆగిపోయింది.

ఇంకొకటి చెప్పాలి. మీ మొదటి ఉత్తరం ఫైలుతోపాటు గట్టు ఆఫీసుకు వెళ్ళిందట. ‘వాళ్ళను తీసేసినా అభ్యంతరం లేదు’ అన్నది చదివి, ఆ ఆఫీసువాళ్ళు మనలాగా పొరబడలేదు. దాని నకలు జతచేసి ఒడ్డు మీది ఇంటికి నోటీసు ఇచ్చారు. నేను వెళ్ళేసరికి ఇల్లు ఖాళీ. వెళ్ళిపోయి రెండు రోజులైందట. నోటీసు రద్దయిందని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. కొత్త చిరునామా పోస్టాఫీసులో సంపాదించి వెనకాల రాశాను.

క్షమించమని అడిగే అర్హత లేనివాడు,
సర్వే అధికారి

తా.క.: నా రెండు దరఖాస్తులూ ఇవాళ మంజూరయ్యాయి. మీ ఉత్తరం ఇందులో పెడుతున్నాను.

* * *

ఆఫీసరు గారికి,

వెళ్ళాను. బస్సులో మూడు గంటలు. ఒక బడి వెనక బల్లలు బాగుచేసే షెడ్డు ఉంది, అందులో పనిచేస్తున్నాడు. చిత్రిక ఎడమచేత్తో పడుతున్నాడు. చెక్కపొట్టు వాడి పాదాల మీద పడుతోంది. చాలా నున్నగా తీస్తున్నాడు. ఇంత బాగా నేను రెండు చేతులతోనూ తీయలేను.

నన్ను చూసి ఒక స్టూలు తుడిచి వేశాడు. “కూర్చోండి” అన్నాడు.

చిన్నప్పటినుంచీ నన్ను ‘నువ్వు’ అన్నవాడు. తిట్టినా నువ్వే, అలిగినా నువ్వే. నేను కూర్చోలేకపోయాను.

“ఇనప కప్పు విప్పించింది నేనేరా” అన్నాను.

“తెలుసండీ.”

“నలుగురిలో నిన్ను ఆ మాట అన్నాను.”

“విన్నాను కదండీ.”

మీ సంగతంతా చెప్పాను. మొదటి ఉత్తరం నా కోపమనీ, తర్వాతవి నా మనసనీ చెప్పాను. తూనీగల మాట రాగానే కాస్త నవ్వాడు. అప్పుడు బయటపెట్టాడు. గట్టు సంగతి తెలిసి, అక్కడ తూనీగలున్నాయని మొదట మీ ఆఫీసుకు పోస్టుకార్డు రాసింది వాడేనట. ఎడమచేత్తో రెండు లైన్లు రాసేసరికి చెయ్యి లాగేసిందట. ‘మిగతాది ఎదుటి ఒడ్డు మేస్త్రిని అడగండి, ఆయన చూపు మంచిది’ అని నా చిరునామా ఇచ్చింది కూడా వాడే.

“నన్నెందుకు ఇరికించావురా?” అన్నాను.

“వాటిని చూడాలంటే మీరు ఇటు చూడాలి కదండీ. చూస్తే మేం నలుగురం అక్కడే ఉంటాం కదా అనుకున్నాను.”

“చూస్తూనే ఉన్నానురా, ఏడేళ్ళుగా.”

“అది నాకెలా తెలుస్తుందండీ?”

అప్పుడు ఆ స్టూలు మీద కూర్చున్నాను.

ఇంటికి రమ్మన్నాను. పిల్లల్ని ఇక్కడి బడిలో చేర్చానన్నాడు. చిన్నది గుమ్మంలోంచి చూసి, “ఎవరు నాన్నా?” అంది. “పెదనాన్న” అన్నాడు. ఆ ఒక్క మాట అన్నాడు, అంతే. బస్సు దాకా వచ్చాడు. మళ్ళీ వస్తానంటే, “ఆదివారాలు సెలవేనండీ” అన్నాడు.

దారి పొడుగునా అదే ఆలోచన. సెలవు కాబట్టి రమ్మన్నాడా, సెలవు కాబట్టి షెడ్డు దగ్గర ఎవరూ ఉండరని చెప్పాడా? కళ్ళు చూసి కుటుంబం చెప్పగలవారు మీరు. ఇది కూడా విప్పి చెప్పగలరేమోనని రాస్తున్నాను.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: శనివారంలోగా మీ జవాబు అందకపోతే, రమ్మన్నట్టే అనుకుని బస్సెక్కుతాను. దయచేసి తొందరపడి రాయకండి.