గేరు తెలియని బూట్లు

అన్నయ్యా,

నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. మీ బావగారు బురదలోనే బండి మీద ఊళ్లు తిరిగి కరెంటు మీటర్లు చూస్తున్నారు. నీ కొట్టు నుంచి పంపిన బూట్లు చీలమండలను బాగా కాస్తున్నాయి. ఆయన మాత్రం, "ఇవి బూట్లా, దుంగలా? కాలికి గేరు తెలిసి చావడం లేదు. పలచనివి పంపమను మీ అన్నయ్యను," అంటున్నారు.

నిన్న సాయంత్రం వట్టికాళ్లతో పెరట్లో తిరిగి వచ్చారు. ఎడమ అరికాల్లో మేకు దిగి ఉంది. నేనే లాగాను. "ఇదెప్పుడు దిగిందే?" అని నన్నే అడిగారు.

గేరు తెలియనిది బూట్ల వల్ల కాదు. డాక్టరు దగ్గరికి పదండంటే బూట్లు మారిస్తే చాలంటారు. నీ మాటైతే వింటారు. పలచనివి పంపకు, నువ్వే వచ్చి ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లు.

బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఈ ఉదయం ఆరింటికి చెప్పులతోనే బండెక్కి వెళ్లారు.