సగం పెట్టె లెక్క

బావా,

ఫోన్ ఎత్తవు కాబట్టి రాస్తున్నాను. చదవకుండా పక్కన పడేశావో, నీ సంగతి చెబుతాను.

నిన్న ల్యాబులో గాజు పెట్టె మళ్ళీ కడిగి, కొత్త నీళ్ళు పోసి, మూత బిగించి, అడుగు నుంచి వేడి పెట్టాను. బల్ల వాలిందేమోనని మట్టం కూడా చూశాను. నీ లెక్క ప్రకారం నేను వేసిన రంగు నడిమధ్యలో పైకి లేచి, రెండు వైపులా విడిపోయి దిగాలి. ఏదీ? ఎడమ గోడ పట్టుకుని ఎగబాకి, మూత కిందుగా సాగి, కుడి గోడ వెంట దిగింది. పెట్టె మొత్తానికీ ఒకటే సుడి. నువ్వేమో పని తొందరగా తెమలాలని కంప్యూటర్‌లో సగం పెట్టెకే లెక్క కట్టి, మిగతా సగం అద్దంలో బొమ్మలా ఉంటుందిలే అని చేతులు దులుపుకున్నావు. ఆ సంగతి నీళ్ళకి ఎవరు చెప్పారు?

నీ థీసిస్‌తోనే ఆగిపోతే నవ్వి ఊరుకునేదాన్ని. నెలలు నిండని పిల్లల్ని పడుకోబెట్టడానికి మీ కంపెనీ చేస్తున్న వెచ్చటి పడక ఈ లెక్క మీదే తయారైంది కదా. దాని అడుగున ఉన్నదీ ఇలాంటి నీళ్ళ పెట్టే. వేడి నడుమ ఎక్కువని, దాన్ని కొలిచే తీగ నడుమ పెట్టించావు. అక్కడ అంతా సరిగ్గానే చూపిస్తుంది, ఒక అంచు మాత్రం కాలుతుంటుంది. ఆ పసివాళ్ళకి పక్కకి దొర్లడం కూడా రాదు.

కిందటి వారం ఈ మాటే చెబితే, "ఉద్యోగం ఖాయమయ్యేదాకా నోరు మెదపకే, నీకు దణ్ణం పెడతా" అన్నావు. నువ్వు బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. పెళ్ళాన్ని కదా అని నోరు కుట్టేసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఇక నా వల్ల కాదు. నీ థీసిస్ చూస్తున్న మాస్టారు ఊరి నుంచి రాగానే అంతా చూపిస్తాను. నన్ను వదిలేస్తానన్నా సరే, ఏడుస్తాను కానీ ఆగను.

నీ పెంకిఘటం

పెంకిఘటానికి,

నీ ఉత్తరం వచ్చేసరికి పడకలు ఆసుపత్రులకి వెళ్ళిపోయాయి. మేనేజరుకి చెప్పాను. ముందు నవ్వాడు, తర్వాత ఉద్యోగంలోంచి పొమ్మన్నాడు. నేరుగా దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వచ్చేశాను. పిల్లల వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఫోన్ చేస్తే మళ్ళీ సాకులు చెబుతానని రాస్తున్నాను. మాస్టారికి అంతా చూపించు. నాకు ముందే తెలుసని కూడా చెప్పు.

నర్సమ్మ మొదట నా మాట నమ్మలేదు. చెయ్యి పెట్టి చూడమన్నాను. పడక ఒక అంచు నుంచి రెండో అంచుకి చెయ్యి జరిపి, గబుక్కున అందులో ఉన్న పాపని తీసి గుండెకి హత్తుకుంది. పాప వీపు ఒక పక్క ఎర్రగా కందిపోయి ఉంది. తగ్గిపోతుందని డాక్టరు అన్నారు. ఈ పడక లెక్క ఎవరిదని నర్సమ్మ అడిగితే నాదేనన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"మిగతావి ఎక్కడున్నాయి?" అంది.

రెండో ఆసుపత్రికి బయలుదేరుతున్నాను.

నీ బావ